వెలుగు ముందు, రంగు వెనుక: స్వల్పవ్యయముతో తీయు పోరాట చిత్రములపై ఒక విమర్శ

గోడను వంకరగా కట్టి, దానిపై ఎంత ఖరీదైన రంగు పూసినను ఆ వంకర పోదు. ఈ సంగతి తాపీమేస్త్రీకి తెలియును, ఇల్లు కట్టించువారికిని తెలియును. కాని సినిమా తీయ నుత్సహించు మన యువకులకు మాత్రము ఇంకను తెలియవలసియున్నది.

ఈ మధ్య మా తణుకులో కళాశాల విద్యార్థులు తీసిన లఘుచిత్రములను చూచి తీర్పు చెప్పవలసిన పని నాకు తటస్థించినది. మొత్తము తొమ్మిది చిత్రములు. అందులో ఏడు పోరాట చిత్రములే. కథలు వేరు, నటులు వేరు. కాని ఏడింటికిని రంగు మాత్రము ఒక్కటే. నీడలన్నియు నీలిపచ్చ, ముఖములన్నియు నారింజ, ఆకాశము బూడిద. కాలువగట్టు, వరిచేను, కొబ్బరితోట, ఏది చూచినను పాచిపట్టిన గాజుసీసాలోనుండి చూచినట్లుండెను.

పోటీ ముగిసిన పిమ్మట ద్వితీయ సంవత్సరపు విద్యార్థి యొకడు నావద్దకు వచ్చెను. వాని తండ్రి కౌలురైతు. ఆ పిల్లవాడు పాత కంప్యూటరొకటి వాయిదాలమీద కొని, అది చాలదన్నట్లు ‘సినిమా రంగులు’ అను పేర అమ్ము మూటనొకదానిని మూడువేల ఐదువందల రూపాయలు పోసి తెప్పించుకొన్నాడట. “మాస్టారండీ, మా దాంట్లో ఏ రంగు తక్కువైందంటారండీ?” అని అడిగెను. ఎనిమిది సంవత్సరములుగా కాంతిశాస్త్రమును బోధించుచున్న నాకు ఆ క్షణమున సరియైన జవాబు తోచలేదు. “చూద్దాంలేరా” అని పంపివేసితిని. ఈ వ్యాసము వానికి ఆలస్యముగా చెప్పుచున్న జవాబు.

వన్నె అనగానేమి?

పెద్ద పోరాట చిత్రములను చూచునప్పుడు కథ తెలియకముందే మనస్సునకు ఒక భావము కలుగును. ఆ తెరకు ఒక ప్రత్యేకమైన ఛాయ, ఒక కాఠిన్యము, ఒక వేగముండును. దీనినే సినిమావారు ‘లుక్’ అందురు. మనము ‘వన్నె’ అందము. వన్నె అనగా రంగు మాత్రమేనని మన యువకుల నమ్మకము. ఇచ్చటనే పొరపాటున్నది.

‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ (1998) అను అమెరికా యుద్ధచిత్రమును తీసికొందము. అందు సముద్రతీరపు పోరాటమును చూచినవారికి ఒడలు జలదరించును. రంగులు వెలిసినట్లుండుట నిజమే. కాని ఆ భయమునకు ముఖ్యకారణము రంగు కాదు, కెమేరా షట్టరు. మామూలుగా సెకనుకు 24 బొమ్మలు తీయు కెమేరాలో షట్టరు 180 డిగ్రీలు తెరచియుండును; అనగా ఒక్కొక్క బొమ్మకు సెకనులో 48వ వంతు కాలము వెలుగు తగులును. ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ ఆ చిత్రమున షట్టరును 90 డిగ్రీలకును, కొన్నిచోట్ల 45 డిగ్రీలకును కుదించెను. దాని ఫలితమేమో లెక్కవేసి చూతము.

ఒక పిడికిలి సెకనుకు 8 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. షట్టరు 180 డిగ్రీలున్నప్పుడు ఒక్క బొమ్మలో ఆ పిడికిలి సుమారు 17 సెంటీమీటర్ల మేర సాగి, చారవలె కనబడును. ఆ చారలే ఒకదానితో నొకటి కలిసి చలనము మెత్తగా నున్నట్లు కంటికి తోచును. 45 డిగ్రీలకు తగ్గించినచో చార 4 సెంటీమీటర్లే యగును. ప్రతి బొమ్మయు చెక్కినట్లు స్పష్టముగా నుండి, చలనము తునకలు తునకలుగా కనబడును. ప్రేక్షకుని గుండె దడదడలాడుటకు కారణమీ తునకలే. ఎడిటింగు బల్లపై రంగు మార్చినంతమాత్రమున ఈ గుణము రాదు.

మా విద్యార్థుల చిత్రములలో దీనికి విపర్యయము జరిగినది. మిట్టమధ్యాహ్నపు టెండలో సెల్‌ఫోను తనంతట తాను షట్టరును సెకనులో రెండువేలవ వంతుకు తగ్గించుకొనును. చార 4 మిల్లీమీటర్లకు మించదు. అందువలన కొట్లాటయే కాక, కథానాయకుడు కాలువగట్టున నెమ్మదిగా నడచి వచ్చుటయు తునకలు తునకలుగానే కనబడినది. భయము కలుగవలసినచోటను, కలుగగూడనిచోటను అదే గుణము. ఉప్పు అన్ని వంటకములలోను సమానముగా వేసినట్లయినది.

ఎడిటింగు చేయలేని పని

రంగులు దిద్దు విద్యను కలర్ గ్రేడింగు అందురు. ఇది గొప్ప విద్యయే. ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ (2000) చిత్రమును మిసిసిపీ రాష్ట్రమున మండువేసవిలో తీసిరి. అచ్చట చెట్లన్నియు నిండు పచ్చగా నుండెను. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ఆ పచ్చదనమును కంప్యూటరు సాయమున ఎండుగడ్డి రంగునకు మార్చించెను. కథాకాలము 1930 ప్రాంతపు దుర్భరమైన ఆర్థికమాంద్యము గనుక ఆ ఎండుదనము కథకు అవసరమయ్యెను. ఆనాడు అది బహువ్యయసాధ్యమైన పని. నేడు ఆ పరికరములు పేదవానికిని అందుబాటులోనికి వచ్చినవి. పెద్ద స్టూడియోలకే పరిమితమై యుండిన డావించీ యంత్రముల సంస్థను 2009లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ కొన్నది. ‘డావించీ రిజాల్వ్’ అను ఎడిటింగు సాధనము యొక్క ఒక రూపమును ఇప్పుడు ఉచితముగానే ఇచ్చుచున్నారు. కావున రంగుల మూటలకు డబ్బు పోయవలసిన పని లేనే లేదు.

ఐనను ఏ సాధనమును లేని వెలుగును పుట్టింపజాలదు. సామాన్యమైన సెల్‌ఫోను వీడియోలో ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లుండును. అన్నిటికన్న క్రిందిది 0, పైది 255. ఆకాశము మరీ ప్రకాశవంతమైనచో అచ్చటి మెట్లన్నియు 255 వద్దనే ఆగిపోవును. మబ్బు, ఎండ, నీలిమ అన్నియు నొకే తెల్లని మరకయగును. దానిని తరువాత చీకటి చేసినచో బూడిద మరకయగునే కాని మబ్బు తిరిగిరాదు. అట్లే చీకటిలో తీసిన ముఖము 40వ మెట్టు దాటకున్నచో, దానిలో 41 మెట్లే యున్నవి. వాటిని సాగదీసి 256 మెట్ల మేర పరచినప్పుడు నడుమ ఖాళీలు ఏర్పడును. బుగ్గమీద మెట్లు మెట్లుగా చారలు కనబడును, చీకటి చోటులలో ఇసుక చల్లినట్లుండును. పైగా ఫైలు పరిమాణము తగ్గించుటకై చాల ఫోనులు నాలుగు బిందువులకు కలిపి ఒకే రంగు వివరమును దాచును. అట్టి బొమ్మను ఎంత గట్టిగా లాగిన అంత త్వరగా చిరుగును.

కాబట్టి గ్రేడింగు చెఱకును పిండు గానుగవంటిది. గడలోనున్న రసమును తీయును. లేని రసమును పోయలేదు.

లేమి నేర్పిన విద్య

“డబ్బున్నవారికి ఇవన్నియు సాధ్యము, మాకెట్లు?” అని మావాళ్ళ ప్రశ్న. సినిమా చరిత్ర దీనికి జవాబు చెప్పుచున్నది. ప్రపంచమున పేరుపడిన వన్నెలలో కొన్ని లేమినుండియే పుట్టినవి.

ఇటలీ దర్శకుడు సెర్జియో లియోని ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964) చిత్రమును టెక్నిస్కోప్ అను పద్ధతిలో తీసెను. మామూలు ఫిల్ములో ఒక్కొక్క బొమ్మ నాలుగు రంధ్రముల ఎత్తుండును. టెక్నిస్కోప్‌లో రెండు రంధ్రములే. అందువలన ఫిల్ము ఖర్చు సగమయ్యెను, బొమ్మయు తనంతట తాను అడ్డముగా వెడల్పయ్యెను. ఇది పొదుపు కొరకు పుట్టిన ఉపాయము. బొమ్మ చిన్నది గనుక పొట్టి నాభ్యంతరము గల కటకములు చాలును. అట్టి కటకములతో దగ్గర వస్తువును, దూరపు వస్తువును ఒకేసారి స్పష్టముగా చూపవచ్చును. తెర నిండ ఒక ముఖము, దాని వెనుక అనంతమైన ఎడారి. కౌబాయ్ చిత్రమనగానే నేటికిని మన కన్నుల ముందు మెదలు ఆ దృశ్యమున పొదుపునకును భాగమున్నది.

ఆ గాలి మన తెలుగునకును సోకినది. 1971లో కృష్ణ నటింపగా కె. ఎస్. ఆర్. దాస్ దర్శకత్వమున ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చెను. దాని ఛాయాగ్రాహకుడు వి. ఎస్. ఆర్. స్వామి. వారు ఎడారి రంగును ఎక్కడనో కొనలేదు. రాజస్థాన్ ఎడారికే పోయిరి. ఆ ఎండ, ఆ ఇసుకనుండి పైకి ప్రతిఫలించు వెలుగు, ముఖముపై టోపీ నీడ, ఇవియే ఆ చిత్రపు వన్నె.

రాబర్ట్ రోడ్రీగెజ్ అను యువకుడు ‘ఎల్ మరియాచి’ (1992) చిత్రమును సుమారు ఏడువేల డాలర్లతో తీసెను. కెమేరాను జరుపుటకు బండి లేక, రోగులు కూర్చుండు చక్రాల కుర్చీని వాడెను. మాటలను విడిగా ముద్రించినందున పెదవులకును పలుకులకును పొత్తు తప్పుచుండెను. తప్పిన ప్రతిచోట బొమ్మను కత్తిరించి మరియొక బొమ్మకు పోయెను. ఆ వేగమైన కత్తిరింపులే ఆ చిత్రపు ప్రత్యేకతగా నిలిచినవి.

మన విఠలాచార్యగారిని మరువరాదు. స్వల్పవ్యయముతో జానపద చిత్రములు తీయుటలో ఆయన అందె వేసిన చేయి. ‘జగన్మోహిని’ (1978) చిత్రమున దయ్యము కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేయు దృశ్యమును మా తల్లిదండ్రుల తరమువారు నేటికిని చెప్పుకొందురు. ఆ ఊహకు రంగుల మూటతో పనియేమున్నది?

అన్నిటికన్న గొప్ప ఉదాహరణము ‘మాయాబజార్’ (1957). పోరాట చిత్రము కాకున్నను మన విషయమునకు అదియే తగిన సాక్ష్యము. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులలో చూపిన నౌకావిహారపు వెన్నెలను తెలుగువారు మరువలేదు. 2010లో ఆ చిత్రమునకు కంప్యూటరుతో రంగులద్ది తిరిగి విడుదల చేసిరి. రంగు ఏబది మూడేండ్ల తరువాత వచ్చినది. వెన్నెల మాత్రము మొదటినుండియు నుండెను. ఏలన అది రంగు కాదు. దీపమును ఎచ్చట పెట్టవలెనో, నీడను ఎంతవరకు విడువవలెనో తెలిసిన నేర్పు.

అరువు రంగు

ఇప్పుడు నీలిపచ్చ, నారింజల సంగతి. ఈ జంట ఊరకనే పుట్టలేదు. మనుష్యుల చర్మపు ఛాయ నలుపైనను తెలుపైనను, దాని మూలవర్ణము నారింజకు చేరువనే యుండును. మెలనిన్, రక్తము అందరియందును నుండుటయే దీనికి కారణము. నారింజకు ఎదురు వర్ణము నీలిపచ్చ. నేపథ్యమును నీలిపచ్చ చేసినచో ముఖము ముందుకు వచ్చినట్లు కనబడును. ఇంతవరకు యుక్తియుక్తమే.

కాని ప్రకృతి ఈ పని ప్రతిదినము ఉచితముగా చేయుచున్నది. ప్రొద్దు వాలునప్పుడు సూర్యకిరణములు వాతావరణములో చాల దూరము ప్రయాణించి రావలెను. దారిలో నీలికాంతి అధికముగా చెదరిపోయి, మిగిలిన నారింజ కాంతి మనలను చేరును. ఎండ తగిలిన చెంప నారింజ రంగు తాల్చును. ఎండ తగులని నీడభాగమునకు వెలుగునిచ్చునది ఆకాశము. అది నీలిది గనుక నీడ నీలముగా నుండును. హాలీవుడ్ వన్నెయని మనవారు డబ్బు పోసి కొనుచున్నది సాయంసమయమునకు నకలు మాత్రమే! అసలు వస్తువు అత్తిలి రోడ్డుమీద సాయంకాలము ఊరకనే దొరకును.

మధ్యాహ్నము పన్నెండు గంటలకు తీసిన దృశ్యముపై ఈ నకలును అద్దినప్పుడేమగును? సూర్యుడు నడినెత్తిన నుండును. కన్నుల క్రింద నల్లని గుంటలు పడును. నీడలు పొట్టివి. వెలుగు మధ్యాహ్నమని చెప్పుచున్నది, రంగు సాయంకాలమని చెప్పుచున్నది. ప్రేక్షకుడు కారణము చెప్పలేకపోయినను అబద్ధమును పసిగట్టును.

ఇందులో మరియొక చిక్కును కలదు. రంగు కేవలము రంగు కాదు, అది ఒక అభిప్రాయము. ‘ట్రాఫిక్’ (2000) చిత్రమున మెక్సికో దేశమంతయు పసుపు పొడి చల్లినట్లు కనబడును, అమెరికా భాగములో కొంత చల్లని నీలముగా నుండును. ‘ఎక్‌స్ట్రాక్షన్’ (2020) చిత్రమున ఢాకా నగరమును అట్టి పసుపులోనే ముంచిరి. వేడి దేశములను, పేద దేశములను ఇట్లు చూపుట యేమని పలువురు ఆక్షేపించిరి. దూరదేశీయులు మనవంటి ఊళ్ళను అట్లు చూచినచో వారి అజ్ఞానమని సరిపెట్టుకొందుము. తణుకు పిల్లవాడు తన తండ్రి దున్నిన చేనును, తన తల్లి ముఖమును అదే మూటలోని రంగులో ముంచినప్పుడు ఏమని సరిపెట్టుకొనవలెను? వరిచేనులో నారుమడి పచ్చ వేరు, పొట్టపై నున్న చేను పచ్చ వేరు, కోతకు వచ్చిన చేను వేరు. రైతుబిడ్డకు ఈ తేడాలు పుట్టుకతో తెలియును. ఆ మూట వాటినన్నిటిని ఒక్క నీలిపచ్చగా చేసివేసినది. వాడు పోగొట్టుకొన్నది మూడువేల ఐదువందలు మాత్రమే కాదు, తన కన్నును కూడ.

అనుకరణ యెల్ల చెడ్డదని నా అభిప్రాయము కాదు. 2020లో నెల్లూరు బాలురు కొందరు ‘సరిలేరు నీకెవ్వరు’ చిత్రములోని పోరాటమును తిరిగి తీసి అందరి మెప్పు పొందిరి. అదే సంవత్సరము నైజీరియాలో ఇకొరొడు బాయ్స్ అను పిల్లల జట్టు పైన చెప్పిన ‘ఎక్‌స్ట్రాక్షన్’ ప్రచారచిత్రమును ఇంటి సామానుతో అనుకరించి, ఆ చిత్ర నిర్మాతలైన రూసో సోదరుల ప్రశంసలందుకొనిరి. వీరు అనుకరించినది పైపూతను కాదు. కెమేరా ఎచ్చట నిలిచినది, ఎప్పుడు కదిలినది, దెబ్బకు ముందు ఎంతసేపు ఆగినది, ఇవి యెల్ల శ్రద్ధగా గమనించి నేర్చుకొనిరి. పద్యము కంఠస్థము చేసి ఛందస్సు గ్రహించినట్టి అనుకరణ అది.

ఇంటి చుట్టు నున్న సామగ్రి

ఇక చేయదగిన పనులు కొన్ని.

మొదటిది, వేళ. సూర్యోదయము తరువాత ఒక గంట, సూర్యాస్తమయమునకు ముందు ఒక గంట. మధ్యాహ్నము తప్పనిచో చెట్టునీడన గాని వసారాలో గాని తీసి, తెల్లని థర్మోకోల్ పలకతో వెలుగును ముఖముపైకి మళ్ళింపవలెను. పలకను దగ్గరకు తెచ్చుకొలది వెలుగు పెరుగును. చిన్న దీపమైనచో రెండు మీటర్లనుండి ఒక మీటరుకు జరిపిన నాలుగు రెట్లగును. కొత్త దీపము కొనుటకంటె ఉన్నదానిని జరుపుట చవుక.

రెండవది, గాలిలోని కణములు. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున మన కాలువలపై నిలుచు మంచు, కళ్ళములో ధాన్యము తూర్పారపట్టునప్పుడు లేచు ధూళి, ఇవి వెలుగును ముఖ్యముగా ముందునకే చెదరగొట్టును. కాబట్టి సూర్యుని వీపువైపు నుంచుకొనక, నటుల వెనుక నుండునట్లు నిలిచినచో గాలియంతయు వెలుగుతో నిండును. పెద్ద చిత్రములలో పొగయంత్రములు పెట్టి సాధించునది దీనినే.

మూడవది, షట్టరు. ఫోనులో దానిని చేతితో స్థిరపరచు సాధనములున్నవి. నడకకు సెకనులో 50వ వంతు, పోరాటమునకు 200వ వంతు చాలును. వెలుగు మిక్కుటమైనచో కటకము ముందు నల్లని చలువ కళ్ళద్దము నుంచవచ్చును. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేయును గనుక అనేక దీపములు సెకనుకు 100 మారులు మినుకుమనుచుండును. వాటి క్రింద 50వ లేక 100వ వంతు షట్టరే వాడవలెను. లేనిచో తెర వణకును. సెకనుకు 120 బొమ్మలు తీసి, 24 చొప్పున చూపినచో చలనము ఐదు రెట్లు నెమ్మదించును. కాని ఒక్కొక్క బొమ్మకు దొరకు వెలుగు తక్కువగుటచే ఆ పని ఎండలోనే చేయవలెను.

నాలుగవది, చెవి. పిడిగ్రుద్దు బరువు సగము చప్పుడులోనే యున్నది. ఎముక విరిగిన ధ్వని కావలెనా? చెఱకు గడను ఫోను దగ్గర విరిచి చూడుడు.

ఇవన్నియు కుదిరిన పిమ్మట గ్రేడింగు బల్లకు పోవలెను. అప్పుడు చేయవలసినది చాల కొంచెమే యుండును.

మొన్న జనవరిలో ఆ విద్యార్థి మరల వచ్చెను. నేను చెప్పిన మాటలను విని, పాత దృశ్యమునే అదే కాలువగట్టున, తెల్లవారి ఆరున్నర గంటలకు, అదే ఫోనుతో తిరిగి తీసినాడు. పాత్రధారులు చలికి వణకుచున్నారు. రెండుచోట్ల ధ్వని సరిగా లేదు. కత్తిరింపులు ఇంకను నేర్చుకొనవలెను. కాని మంచులోనుండి నీడవలె వచ్చిన మనిషి క్రమముగా ముఖమై మారునప్పుడు గదిలో అందరును మాటలాడుట మానిరి. “ఏం రంగు వేశావురా?” అని అడిగితిని. “ఏం వేయలేదండీ, మాస్టారండీ. నలుపు కాస్త దించానంతేనండీ” అన్నాడు.

వాని కంప్యూటరు వాయిదాలు ఇంకను పూర్తికాలేదు. ఆ ఋణము తీరునో లేదో, వాడు సినిమాలలో స్థిరపడునో లేదో నేను చెప్పలేను. కాని మా పాఠ్యపుస్తకములోని కాంతి అధ్యాయమునకు వాని ఊరి కాలువగట్టుతో సంబంధమున్నదని వానికి తెలిసినది. ఎనిమిదేండ్లు పాఠము చెప్పిన నాకును అప్పుడే బాగుగా తెలిసినది.